గట్టు మీద జవాబులు: బాస్ పోటీకి దుగ్గిరాల దారి

గాలం, ఎర, నీళ్లు... వీటి గురించి మీరడిగే ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబు చెప్పే చోటు ఇది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకదానికి జవాబు రాస్తూ రాస్తూ చాలా దూరం వెళ్లిపోయాను. మిగతావాళ్లు కాస్త సర్దుకోండి.

ప్రశ్న: అంకుల్, మాది గుంటూరు బ్రాడీపేట. బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. రెండేళ్లుగా యూట్యూబ్‌లో అమెరికాలో బాస్ అనే చేపను పట్టే టోర్నమెంట్లు చూస్తున్నాను. ఎమ్మెస్‌కి వెళ్లాక నేనూ వాటిలో దిగాలని ఉంది. ఇంట్లో చెబితే, "చేపలు పట్టడానికి అమెరికా ఎందుకురా, రేపల్లె వెళ్లు" అని నవ్వారు. ఇక్కడ బాస్ చేపే లేదు కదా, ఇప్పటినుంచి ఏం నేర్చుకోవాలి? నిజంగా అది వృత్తిగా పనికొస్తుందా?

జవాబు: మీవాళ్లు రేపల్లె వెళ్లమన్నారని బాధపడకు బాబూ. నేనూ అలాంటి మాటే చెప్పబోతున్నాను. కాకపోతే రేపల్లె దాకా అక్కర్లేదు, దుగ్గిరాల చాలు.

ఈ మాట ఏ ధైర్యంతో అంటున్నానో ముందు చెప్పాలి. మా నాన్న బందరు కాలువ మీద లస్కరు, అంటే కాలువను కనిపెట్టుకుని ఉండే ఉద్యోగి. నేనూ ఇరిగేషన్‌లోనే వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. నాకు గాలం వేయడం ఎవరూ నేర్పలేదు. లాకుల పక్కన పుట్టినవాడికి ఒకరు నేర్పాలా? చేపల విషయంలో నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. 2022 మార్చిలో మా అమ్మాయి పురిటికని డాలస్ వెళ్లి, ఆ గర్వం అక్కడే దించి వచ్చాను.

అమ్మాయి పక్కింట్లో రిటైరైన పోస్ట్‌మన్ ఒకాయన ఉండేవాడు. పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తూ నేను వాళ్ల గరాజ్ ముందు ఆగి రాడ్ల వంక చూడటం ఆయన గమనించాడు. నా ఇంగ్లిష్ అంతంత మాత్రం, ఆయన టెక్సస్ యాస నాకు సగం అందదు. అయినా చేప అనేసరికి ఇద్దరికీ మాటలు బాగానే దొరికాయి. ఒక శనివారం ఆయన జోడీదారుకు ఒంట్లో బాగాలేకపోతే నన్ను రమ్మన్నాడు. అల్లుడు ఆన్‌లైన్‌లో నా పేరున ఫిషింగ్ లైసెన్సు తీశాడు. అక్కడ లైసెన్సు లేకుండా నీళ్లలో గాలం వేస్తే జరిమానా. డాలస్‌కి ఉత్తరాన రే రాబర్ట్స్ అని పెద్ద రిజర్వాయర్ ఉంది. అందులో ఇద్దరేసి జట్టుగా దిగే చిన్న క్లబ్ పోటీ. జట్టుకు 80 డాలర్లు కట్టాలి. ఆ డబ్బు ఆయనే కట్టాడు.

తెల్లవారకముందే బోటు నీళ్లలోకి దించాం. మధ్యాహ్నం రెండింటికి కాటా. ఆ మధ్యలో ఆయన ఒక్క క్షణం ఊరుకుంటే ఒట్టు. విసరడం, లాగడం, మళ్లీ విసరడం. ఒక మూలలో పది విసుర్లకు చేప తగల్లేదా, ముందు భాగాన కాలితో నడిపే చిన్న కరెంటు మోటారు తిప్పి ఇంకో మూలకు. మా నాన్న ఒక పూటంతా కూర్చుని గాలం నాలుగైదు సార్లు వేసేవాడు. బెండు మునిగేదాకా చుట్ట తాగేవాడు. ఈయన గంటకు వంద సార్లు వేస్తున్నాడు. చేప మన దగ్గరికి వచ్చేదాకా కూర్చునే ఆట కాదిది, చేప ఎక్కడుందో వెతుక్కుంటూ పోయే ఆట అని నాకు మూడు గంటలకు గానీ ఎక్కలేదు.

పదిన్నర దాటాక నా రాడ్ వంగింది. రెండున్నర పౌన్లుండే బాస్. ఒళ్లు ఆకుపచ్చగా, పక్కన నల్లచార, నోరు తెరిస్తే నా పిడికిలి పట్టేంత. నేనేం చేశాను? మనం బొచ్చెను పట్టుకున్నట్టే మొప్పలోకి వేలు దూర్చి ఎత్తి, సంతోషంలో బోటు అడుగున పడేసి, మోకాలితో అదిమి గాలం తీశాను. మొప్పల్లోంచి రెండు చుక్కల నెత్తురు కార్పెట్ మీద పడింది. ఆయన మొహం చూశాను. ఏమీ అనలేదు. చేపను తీసుకుని నీళ్ల తొట్టిలో వేశాడు. ఆ తొట్టిని లైవ్‌వెల్ అంటారు, పంపుతో నీళ్లూ గాలీ ఆడుతూ ఉంటాయి. పన్నెండింటికి మూత తీసి చూస్తే నా చేప పక్కకు ఒరిగి తేలుతోంది.

కాటా దగ్గర చచ్చిన చేపకు నాలుగు ఔన్సులు కోసేశారు. మన లెక్కలో 113 గ్రాములు. మేము నాలుగో స్థానంలో వచ్చాం. మూడో స్థానానికి, అంటే డబ్బులొచ్చే చివరి స్థానానికి, మూడు ఔన్సులు తక్కువ. తిరిగొచ్చేటప్పుడు దారంతా ఆయన వాతావరణం గురించే మాట్లాడాడు. మనవాడైతే నాలుగు తిట్టేవాడు, నా ప్రాణం కుదుటపడేది.

ఈ కథ ఇంత సాగదీసింది ఎందుకంటే, నువ్వు యూట్యూబ్‌లో చూసేది చేప ఎగిరే ముక్క మాత్రమే. అసలు ఆట మిగతా ఏడు గంటల్లో ఉంటుంది. రూలు చూడటానికి చాలా చిన్నది. రోజుకు ఐదు చేపలు, వాటి మొత్తం బరువు ఎవరిది ఎక్కువైతే వాళ్లు గెలిచినట్టు. తొట్టిలో ఐదు ఉండగా ఆరోది పెద్దది పడితే, ఐదింట్లో చిన్నది నీళ్లలోకి వదలాలి. కాటాకు తెచ్చినవి బతికుండాలి. నిర్ణీత పొడవుకు తగ్గిన చేప లెక్కకు రాదు. ఆ రోజు మా పోటీలో అది 14 అంగుళాలు. ఎర బతికున్నది వాడకూడదు, బొమ్మ ఎరలే. పెద్ద పోటీల్లో నిమిషం ఆలస్యమైతే పౌను బరువు కోస్తారు, పావుగంట దాటితే ఆ రోజు లెక్క మొత్తం పోయినట్టే. కాబట్టి ఎప్పుడు చోటు మార్చాలి, ఎంతసేపు ఒకచోట ఉండాలి, ఎప్పుడు వెనక్కి బయల్దేరాలి... ఈ లెక్కలు వేయగలిగినవాడిదే గెలుపు. గాలం విసరడం అందరికీ వస్తుంది.

ఈ పోటీలకు ఇప్పటి రూపం ఇచ్చింది రే స్కాట్ అనే ఇన్సూరెన్స్ ఏజెంటు. 1967లో ఆర్కాన్సాలోని బీవర్ లేక్‌లో మొదటి పెద్ద పోటీ పెట్టాడు, తరువాత బి.ఎ.ఎస్.ఎస్. అనే సంస్థ నడిపాడు. మొదట్లో అక్కడా పట్టిన చేపల్ని తాడుకు గుచ్చి ఫొటోలు దిగేవాళ్లే. 1972 నుంచి "పట్టినదాన్ని చంపకు" అని ఆయనే కొత్త అలవాటు పెట్టాడు. సరస్సులో చేప అయిపోతే పోటీ ఎక్కడ పెడతాడు? పుణ్యం సంగతి పక్కన పెట్టు, వ్యాపారానికైనా అది సరైన లెక్కే. 1971లో మొదలైన బాస్‌మాస్టర్ క్లాసిక్ ఇప్పుడు అన్నింటిలోకీ పెద్దది. గెలిచినవాడికి 3 లక్షల డాలర్లు.

నీ వయసువాడి కథ ఒకటి చెబుతాను. 2025 మార్చిలో ఆ క్లాసిక్ జరిగింది నేను చేపను చంపిన రే రాబర్ట్స్‌లోనే. గెలిచింది ఈస్టన్ ఫాదర్‌గిల్ అనే 22 ఏళ్ల కుర్రాడు. మూడు రోజుల్లో 15 చేపలు, 76 పౌన్ల 15 ఔన్సులు. దాదాపు 35 కిలోలు. అతను అలబామాలోని మాంటెవాలో యూనివర్సిటీ ఫిషింగ్ టీమ్‌లోంచి వచ్చినవాడు. అవును, అక్కడ కాలేజీలకు క్రికెట్ టీమ్ లాగా ఫిషింగ్ టీములున్నాయి. నువ్వు ఎమ్మెస్‌కి అప్లై చేసేటప్పుడు ఆ కాలేజీలో బాస్ క్లబ్ ఉందో లేదో చూసుకో. ర్యాంకింగూ ఫీజులూ చూశాకే సుమా. మీ నాన్నగారు ఈ పత్రిక చదివి నా మీదకు రాకూడదు.

ఇంకొకాయన జపాన్‌వాడు, తకహిరో ఒమోరి. 1992లో, 21 ఏళ్ల వయసులో, ఇంగ్లిష్ సరిగా రాకుండా అమెరికా వెళ్లాడు. ఊరూరా పోటీలకు తిరుగుతూ బండిలోనే పడుకున్నాడు. 2004లో నార్త్ కరోలినా వైలీ సరస్సులో క్లాసిక్ గెలిచాడు. పన్నెండేళ్లు! ఆ పన్నెండేళ్లు మనవాళ్లు చెప్పరు, కప్పు ఎత్తిన ఫొటో ఒక్కటే చూపిస్తారు.

ఇక వృత్తి సంగతి. కొత్త బాస్ బోటు ఇంజిన్‌తో కలిపి 70, 80 వేల డాలర్లు దాటడం మామూలు. దాన్ని లాగే ట్రక్కు వేరే. చేపను తెర మీద చూపించే సోనార్ వేరే. పెట్రోలు, హోటలు, ప్రవేశ రుసుం... చిన్న పోటీల్లో వచ్చే బహుమతి చాలావరకు నీలాంటి వాళ్లు కట్టిన డబ్బే. వంద మంది కడితే పది పదిహేను మంది పంచుకుంటారు. పెద్ద పేరున్నవాళ్లు కూడా స్పాన్సర్ల మీద, వీడియోల మీద, గైడుగా మనుషుల్ని తిప్పడం మీద బతుకుతారు. కాబట్టి ఉద్యోగం చేసుకుంటూ శని ఆదివారాలు దిగేవాడిగా మొదలుపెట్టు. నాలుగేళ్ల తర్వాత నీ లెక్కల పుస్తకం చూసి నిర్ణయించుకో. ఇంకో ముఖ్యమైన మాట. స్టూడెంట్ వీసా మీద డబ్బు బహుమతి ఉన్న పోటీలో దిగేముందు కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా తేల్చుకో. చేప కోసం చదువు పోగొట్టుకోకు.

బోటు లేదని ఆగనక్కర్లేదు. కాయక్ పోటీలు వేరే ఉన్నాయి. చేపను కొలబద్ద పలక మీద పెట్టి ఫొటో తీసి అక్కడికక్కడే వదిలేయాలి. బరువు కాదు, ఐదు చేపల పొడవు కలిపి లెక్క. విద్యార్థి జేబుకు అవే నయం.

ఇప్పుడు దుగ్గిరాల. సీతానగరం దగ్గర బయల్దేరే పశ్చిమ డెల్టా కాలువ దుగ్గిరాల మీదుగా తెనాలి వైపు పోతుంది. పక్క కాలువలు, మురుగు డ్రెయిన్లు, గుర్రపు డెక్క పట్టిన గుంటలు బోలెడు. వాటిలో ఉండేది కొర్రమేను. బాస్‌కీ కొర్రమేనుకూ చుట్టరికం ఏమీ లేదు, కానీ బుద్ధి ఒకటే. రెండూ ఆకు నీడన కదలకుండా పొంచి ఉండి, దగ్గరికి వచ్చినదాన్ని ఒక్క దూకుడులో మింగే రకాలు. టెక్సస్‌లో నాచు మీద కప్ప బొమ్మను ఎలా గెంతించారో, దుగ్గిరాలలో గుర్రపు డెక్క అంచున అచ్చం అలాగే గెంతించాలి. నీళ్లు పేలినట్టు చప్పుడయ్యాక వెంటనే లాగితే బొమ్మ ఒట్టిదే చేతికి వస్తుంది. "ఒకటి, రెండు" అనుకుని, దారం బిగిశాక అప్పుడు కొట్టాలి. ఈ రెండు అంకెలు లెక్కపెట్టడం నాకు యాభై ఏళ్ల అనుభవం తర్వాత కూడా చేతకావడం లేదు. ఆ చప్పుడు అలాంటిది.

ఏడడుగుల మీడియం హెవీ (కాస్త గట్టి) రాడ్, బెయిట్‌కాస్టర్ రీల్ (రాడ్ మీద కూర్చునే, దారం చుట్టుకునే గిలక), అల్లిక దారం తీసుకో. మొదటి సెట్టుకు నాలుగైదు వేలు చాలు. బెయిట్‌కాస్టర్‌లో బొటనవేలే బ్రేకు. వేలు వదిలితే దారం చింపిరి జుట్టులా చిక్కుపడుతుంది, దాన్ని విప్పేసరికి తెల్లారుతుంది. అందుకని నీళ్ల దగ్గరికి పోకముందు డాబా ఎక్కు. గాలం తీసేసి దారం చివర ఒక బోల్టు నట్టు కట్టు, పది పదిహేను గ్రాములది. ఆవకాయ జాడీ మూత ఒకటి పది మీటర్ల దూరాన పెట్టు. రోజుకు యాభై విసుర్లు. పదిలో ఏడు మూత మీద పడ్డాక పదిహేను మీటర్లకు జరుపు. తర్వాత ఎడమ చేత్తో, తర్వాత కూర్చుని, తర్వాత బట్టలారేసే తీగ కింద నుంచి. గంటకు వంద సార్లు వేసే ఆటలో పది సార్లు గురి తప్పితే, ఆ పదిలోనే చేప ఉంటుంది.

ఒక నోటు పుస్తకం పెట్టు. తేదీ, టైము, గాలి ఎటు, నీటి రంగు, లాకు దగ్గర గేజీలో నీటి మట్టం ఎంత, ఏ బొమ్మ, ఎక్కడ తగిలింది, ఎక్కడ తగల్లేదు. తగలనిది రాయడం ముఖ్యం. కాలువకు నీళ్లు వదిలిన మొదటి రోజుల్లో చేప చెల్లాచెదురుగా ఉంటుంది, నీళ్లు కట్టేశాక గుంటల్లోకి చేరుతుంది. అమెరికాలో బాస్‌కు కాలువ బదులు ఉష్ణోగ్రత. నీళ్లు 15, 16 డిగ్రీలు దాటితే గుడ్లకు ఒడ్డుకు వస్తుంది, ఎండ ముదిరితే లోతుకు పోతుంది. చేప మారినా, నీళ్లు మారినప్పుడు చేప ఎటు పోతుందో రాసుకునే అలవాటు మారదు.

ఒక జాగ్రత్త. కొర్రమేను గాలి పీల్చే చేప. బకెట్లో గంటల తరబడి ఉంటుంది. అది బతికిందని, చేపను కాపాడటం వచ్చేసిందని మురిసిపోకు. ఆ పరీక్షకు బొచ్చె పిల్లను తీసుకో. తడి చేత్తో పట్టుకుని, గాలం తీసి, కొలిచి, ఫొటో తీసి, 30 సెకన్లలో నీళ్లలోకి వదలాలి. వదిలినది తనంతట తాను ఈదుకుంటూ పోవాలి. పది బొచ్చెల్ని అలా పంపగలిగితే నేను ఆ రోజు చేసిన పని నువ్వు చేయవు. ఇంకోటి, బాస్‌ను కింది పెదవి దగ్గర బొటనవేలితో పట్టుకుంటారు, దాని పళ్లు ఆకురాయి గరుకంతే. ఆ వీడియో చూసి కొర్రమేను నోట్లో వేలు పెట్టేవు. అది కొరికితే కుట్లే.

నీటి మీద ఎర్రటి కొర్రమేను పిల్లల గుంపు కదులుతూ కనిపిస్తే అక్కడ బొమ్మ వేయకు. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి, ఏది వేసినా కొడతాయి. వాటిని తీసేస్తే ఆ గుంపంతా పోయినట్టే. చెరువైతే మత్స్యకార సొసైటీ వాళ్లను అడిగి దిగు. వాళ్లు లీజు కట్టుకుని బతుకుతున్నవాళ్లు. "పట్టి వదిలేస్తాను" అంటే ముందు నమ్మరు, మొదటి రోజు పక్కన నిలబడి చూస్తారు. చూడనీ.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్. పాకెట్ మనీ అంతా పోగేసి ఆన్‌లైన్‌లో ఏడు రాడ్లు కొన్నాడు. ఒక్క చేప తేలేదు. వాడిని ఎలా ఆపాలి? – పటమట, విజయవాడ

జవాబు: ఆపకండమ్మా, ఆరు రాడ్లు బీరువాలో పెట్టి తాళం వేయండి. ఏడోదానితో చేప తగిలిన రోజున రెండోది ఇవ్వండి. మా ఇంట్లో మా ఆవిడ ముప్పై ఏళ్లుగా చేస్తున్నది ఇదే. తాళంచెవి ఎక్కడ పెడుతుందో నాకిప్పటికీ తెలియదు. ఈత రాకపోతే మాత్రం ముందు అది నేర్పించండి, అప్పటిదాకా ఏడోది కూడా ఇవ్వొద్దు.

ప్రశ్న: మన పండుగప్పను కూడా ఇంగ్లిష్‌లో సీ బాస్ అంటారు కదా. మరి ఇక్కడే బాస్ పోటీలు పెట్టుకోవచ్చు కదా? – వన్‌టౌన్, విజయవాడ

జవాబు: పేరు కలిసింది గానీ ఇంటిపేరు కలవలేదు. అమెరికా పోటీల్లోని లార్జ్‌మౌత్ బాస్ మంచినీటి చేప. పుట్టడం, పెరగడం, గుడ్లు పెట్టడం అన్నీ అక్కడే. పండుగప్ప మంచినీటిలోనూ పెరుగుతుంది, గుడ్లకు మాత్రం ఉప్పునీటి మొగకు దిగాలి. అందుకే హంసలదీవి వైపు పాయల్లో దొరికినంతగా బ్యారేజీ ఎగువన దొరకదు. మధ్యలో గేట్లున్నాయి మరి. దీనిలో ఇంకో వింత ఉంది. చాలావరకు మగగా బతుకు మొదలుపెట్టి, కొన్నేళ్లు పెరిగాక ఆడగా మారుతుంది. చెరువుల్లో మీరు చూసే పండుగప్ప సాగుకు దారి చూపింది చెన్నైలోని సీబా అనే ఉప్పునీటి సాగు పరిశోధన సంస్థ. 1997లో వాళ్లు దీన్ని తొట్లలో గుడ్లు పెట్టించి పిల్లల్ని తీశారు.

పోటీ మాటకొస్తే, ఇదే చేపను ఆస్ట్రేలియాలో బారముండి అంటారు, దాని చుట్టూ పెద్ద పండగే చేస్తారు. ఉత్తర ప్రాంతంలో 2015 నుంచి కొన్ని చేపలకు ట్యాగులు వేసి నదుల్లో వదులుతున్నారు. ఒక ప్రత్యేకమైన ట్యాగుకు పది లక్షల ఆస్ట్రేలియా డాలర్లు. తొమ్మిదేళ్లు ఎవరికీ పడలేదు. 2024 అక్టోబరులో కేథరిన్ నదిలో 19 ఏళ్ల కుర్రాడికి పడింది. మన దగ్గర అలా వదిలితే ట్యాగు తెస్తారో, ట్యాగు తీసేసి పులుసు పెడతారో నేను పూచీ పడలేను.

ప్రశ్న: ఈ పోటీల్లో ఆడవాళ్లు ఉంటారా? నేను డిగ్రీ చదువుతున్నాను, నాన్నతో గాలానికి వెళ్తుంటాను. – పోరంకి, విజయవాడ

జవాబు: ఉంటారు తల్లీ, తక్కువే గానీ ఉంటారు. కిమ్ బెయిన్-మూర్ అనే ఆస్ట్రేలియా అమ్మాయి 2009లో బాస్‌మాస్టర్ క్లాసిక్‌లో మగవాళ్ల పక్కన నిలబడి పోటీ చేసింది. క్లాసిక్‌లో దిగిన మొదటి మహిళ ఆమే. ఇందులో బలం కంటే గురి, ఓర్పు, లెక్క ముఖ్యం. మా నాన్న కంటే మా మేనత్తకే జెల్లలు ఎక్కువ పడేవి. ఆ మాట ఆయన ముందు ఎవరూ అనేవాళ్లు కాదు.

ప్రశ్న: చేప బరువు పెంచడానికి మోసాలు చేయరా? – మంగళగిరి

జవాబు: చేస్తారు. 2022లో అమెరికాలోని ఈరీ సరస్సు దగ్గర జరిగిన ఒక పోటీలో, బాస్ కాదు, వాలై అనే చేప, గెలిచిన చేపలు చూడటానికి చిన్నగా, కాటాలో బరువుగా ఉన్నాయని నిర్వాహకుడికి అనుమానం వచ్చి అక్కడికక్కడే కత్తితో కోశాడు. కడుపులోంచి సీసం గుండ్లు బయటపడ్డాయి. ఆ చేపలు తెచ్చిన ఇద్దరూ జైలుకు వెళ్లొచ్చారు. పెద్ద పోటీల్లో గెలిచినవాణ్ణి అబద్ధం పట్టే యంత్రం ముందు కూర్చోబెట్టే పద్ధతి కూడా ఉంది. బొగ్గు, బంగారం తూచేచోట కూడా ఇంత అనుమానం ఉండదు.

ప్రశ్న: పట్టిన చేపను వదిలేయడంలో ఆనందం ఏమిటండీ? మా ఇంట్లో ఎవరికీ అర్థం కావడం లేదు. – కృష్ణలంక

జవాబు: మా ఇంట్లోనూ అంతే. ఆదివారం పొద్దున వెళ్లి పదకొండింటికి ఒట్టి చేతులతో వస్తే, "ఎన్ని పట్టారు?" అంటుంది మా ఆవిడ. "నాలుగు" అంటాను. "ఏవీ?" అంటుంది. ఫోన్‌లో ఫొటోలు చూపిస్తాను. "వీటిని ఎలా వండమంటారు?" అంటుంది. అందుకని ఇప్పుడు వచ్చేటప్పుడు మార్కెట్‌లో ఒక కిలో కొని తెస్తున్నాను.

ప్రశ్న: ప్రకాశం బ్యారేజీ కింద గాలం వేస్తే పెద్ద చేపలు పడతాయంటున్నారు. ఈ వానాకాలం వెళ్దామనుకుంటున్నాం. – తాడేపల్లి

జవాబు: వద్దు. గేటు ఎత్తితే మీరు నిలబడ్డ రాయి నిమిషాల్లో మునిగిపోతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చినప్పుడు కొట్టుకొచ్చిన బోట్లు గేట్ల దగ్గర గుద్దుకుని, గేట్లు ఎత్తడానికి సాయపడే బరువులు, కౌంటర్ వెయిట్లే దెబ్బతిన్నాయి. మనమెంత? పైగా వానల మొదట్లో చేప గుడ్లతో ఎదురెక్కే కాలం. నీళ్లు తగ్గాక, డిసెంబరులో, కాలువ గట్టున కూర్చోండి.

బ్రాడీపేట అబ్బాయికి ఒక మాట. డాబా మీద పది మీటర్ల మూతకు పదికి ఏడు తగిలాక ఉత్తరం రాయి. ఆదివారం పొద్దున ఆరింటికి దుగ్గిరాల లాకుల దగ్గర ఉంటాను. చెప్పులతో రాకు, గట్టు నిండా పల్లేరుకాయలు.